నెల మీద పడుకున్నవాడి కథ

పోయిన సంచికలో నా కవిత ఒకటి వచ్చింది. అందులో ఒక లైన్ మీరు చూసే అవకాశం లేదు. మన ఎడిటర్ అక్క దాన్ని ముందే పట్టేసుకుంది. "నెల మీద పడుకుని చుక్కలు లెక్కపెట్టాను" అని నేను పంపాను. పది నిమిషాల్లో వాట్సాప్‌లో రిప్లై: "ఏ నెల మీద పడుకున్నావ్ తమ్ముడూ? ఫిబ్రవరి అయితే కాళ్ళు బయటికి వస్తాయి, చూసుకో."

నేను రాయాలనుకున్నది నేల. ఫోన్‌లో ఎన్, ఇ, ఎల్, ఎ అని కొట్టాను, మొదట వచ్చింది నొక్కేశాను. మనమంతా ఇంగ్లీష్ అక్షరాల్లో తెలుగు చాట్ చేసే బ్యాచ్ కదా. మనకి నెలా నేలా ఒకటే స్పెల్లింగ్. మెడా మేడా ఒకటే, వెలా వేలా ఒకటే. చదివేవాడు సందర్భం చూసి అర్థం చేసుకుంటాడని ధీమా. కవితలో సందర్భం నేనే ఇవ్వాలి, అక్కడ దొరికిపోయాను.

"దీర్ఘాల దగ్గర నీకేదో లెక్క తేడా ఉంది, దాని మీదే ఒక వ్యాసం రాయి" అంది అక్క. ఆవిడ సరదాకి అంది. నాకు మాత్రం ఫస్ట్ ఇయర్ ఇంగ్లీష్ లాబ్ గుర్తొచ్చింది. అది గుర్తొస్తే మా రూమ్మేట్ గుర్తొస్తాడు. వాడి విషయంలో నేను చేసినది ఇప్పటిదాకా ఎక్కడా చెప్పలేదు. ఇక్కడ చెప్తాను.

మొదట లాబ్ సంగతి. మీకూ గుర్తుండే ఉంటుంది. గోడ మీద చార్ట్, ఇంగ్లీష్‌లో 44 ధ్వనులు, అందులో అచ్చులే 20. ఎ, ఇ, ఐ, ఓ, యు అంటూ ఐదుతో పెరిగిన నాకు ఆ చార్ట్ చూడగానే ఎవరో మోసం చేశారనిపించింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకోవాలి, ఒక మాట వినపడుతుంది, స్క్రీన్ మీద రెండు మాటలు కనిపిస్తాయి, ఏది విన్నామో దాన్ని క్లిక్ చెయ్యాలి. షిప్, షీప్. ఫుల్, ఫూల్. లివ్, లీవ్. మొత్తం 20 ప్రశ్నలు. నాకు 11 వచ్చాయి.

రూపాయి బిళ్ళ ఎగరేసి బొమ్మా బొరుసా చూసి క్లిక్ చేసినా 10 వస్తాయి. అంటే ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం, తెలుగులో మాట్లాడితే 5 రూపాయలు ఫైన్ వేసే స్కూలు, ఇంట్లో వాళ్ళు కట్టిన ఫీజులు, ఇవన్నీ కలిపి రూపాయి బిళ్ళ మీద నాకు సంపాదించి పెట్టింది ఒక్క మార్కు.

పక్క సిస్టమ్‌లో మా రూమ్మేట్‌కి 18 వచ్చాయి.

వాడిది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. పదో తరగతి దాకా సర్కారు బడి, తెలుగు మీడియం. ఎంట్రన్స్‌లో ర్యాంకు నాకంటే మంచిది. అయితే మా క్లాసులో వాడిని అందరూ పిలిచే పేరు వేరే ఉంది: షెడ్డు.

ఆ పేరు పెట్టింది నేను. మొదటి వారంలో అందరూ లేచి నిలబడి పరిచయం చేసుకోమన్నారు. వాడు ఇంగ్లీష్‌లో నాలుగు వాక్యాలు బట్టీ పట్టుకొచ్చాడు. "మై ఫాదర్ హాజ్ ఎ సైకిల్ షెడ్డు. ఇట్ ఈజ్ నియర్ బస్సు స్టాండు." నేను వెనక బెంచీలోంచి, మరీ గట్టిగా కాదు, చుట్టుపక్కల వాళ్ళకి వినపడేంతగా, "షెడ్డూ... బస్సూ..." అని సాగదీశాను. నవ్వులు. వాడు మిగతా రెండు వాక్యాలు చెప్పకుండానే కూర్చున్నాడు. ఆ సెమిస్టర్ మొత్తం క్లాసులో వాడు మళ్ళీ ఇంగ్లీష్‌లో నోరు తెరవలేదు. హాస్టల్లో రూములు కేటాయించినప్పుడు మేమిద్దరం ఒకే రూములో పడ్డాం. వాడు ఏమీ అనలేదు. నేనూ సారీ చెప్పలేదు.

అలాంటి వాడికి 18.

ఆ రాత్రి ఆపుకోలేక అడిగాను, "ఎలారా మామా?" వాడు రఫ్ నోట్‌బుక్ తీసి చూపించాడు. ప్రాక్టీస్ కోసం జంటలన్నీ తెలుగులో రాసుకున్నాడు, రెండు వరుసల్లో. షిప్పు, షీపు. సిట్టు, సీటు. ఫిల్లు, ఫీలు. ఫుల్లు, ఫూలు. పుల్లు, పూలు. చివరిది చూసి, "స్విమ్మింగ్ పూలా, మల్లెపూలా?" అని నవ్వాను. వాడూ నవ్వాడు. తర్వాత అన్నాడు, "నాకు ఇంగ్లీష్ రాదు కదరా, అందుకే చెవులతో విన్నా. నువ్వు స్క్రీన్ మీద స్పెల్లింగ్ చూసి, అదే వినపడిందనుకున్నావ్."

అది నిజం. నేను వినలేదు, చదివాను.

కానీ ఆ నోట్‌బుక్‌లో ఇంకొకటి ఉంది. అది వాడికీ తెలీదు, నాకూ చాలాసేపటి దాకా తట్టలేదు. ఆ వరుసలు మళ్ళీ చూడండి. పొట్టి అచ్చు ఉన్న ప్రతిచోటా వెనక హల్లు జంటైంది: ప్పు, ట్టు, ల్లు. పొడుగు అచ్చు ఉన్నచోట హల్లు ఒంటిగా ఉండిపోయింది: పు, టు, లు. "నువ్వు రూల్ పెట్టుకుని రాశావా?" అంటే, "రూలేంటి, మా అమ్మ ఎలా అంటుందో అలా రాశా" అన్నాడు.

ఇక ఇద్దరం మొదలుపెట్టాం. బస్సు, పెన్ను, పిన్ను, కప్పు, చెక్కు, బిల్లు, బుక్కు, నెట్టు. అన్నీ ఇంగ్లీష్‌లో పొట్టి అచ్చులే, మన నోట్లో అన్నిటికీ ద్విత్వం. సీటు, గేటు, కేకు, ప్లేటు, బూటు, కోటు, సూటు, ఫీజు. అన్నీ పొడుగు, ఒక్కదానికీ ద్విత్వం లేదు. లైటు, ఫైలు, రైలు కూడా పొడుగు వైపే. ఎవరూ "గేట్టు" అనరు, ఎవరూ "బసు" అనరు. బ్యాటు, బ్యాగు, క్యాపు దగ్గర ఆగాం. ఇంగ్లీష్ పుస్తకాల ప్రకారం ఆ అచ్చు పొట్టిది, మనం మాత్రం పొడుగు వైపు వేశాం. తర్వాత చదివితే తెలిసింది, పొట్టి అచ్చుల గుంపులో అది మిగతా వాటికంటే బాగా సాగే అచ్చట. అంటే మన చెవి తప్పు వినలేదు.

రోడ్డు మాత్రం లొంగలేదు. ఓ పొడుగే, డ కూడా ద్విత్వమే. "రోడ్డు మన చేతిలో ఉండదురా, ఆర్ అండ్ బీ వాళ్ళది" అన్నాడు వాడు.

ఒక బడికీ వెళ్ళని అమ్మమ్మలు కూడా ఏది పొట్టో ఏది పొడుగో ఇంత కచ్చితంగా విడగొట్టి చెప్తున్నారు. వాళ్ళ చెవులు విన్నాయి, నాలుక ఆ తేడాని జాగ్రత్త పెట్టింది. నేను "స్టైల్‌గా" చివరి ఉకారం తీసేసి, ద్విత్వం తీసేసి బస్, పెన్, సిట్ అనడం నేర్చుకున్నాను. దాంతోపాటు ఆ తేడా చూపించే గుర్తు కూడా తీసేశాను. బదులుగా రావాల్సిన అసలు ఇంగ్లీష్ శబ్దం మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఇది అన్యాయంగా అనిపించింది, కానీ ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలీలేదు.

దీనికి పేరు పెట్టింది కూడా వాడే. పదో తరగతిలో వాడు గణ విభజన చేశాడు. నేను పదిలో తెలుగుని పాస్ మార్కుల లెక్కన చూసి, ఇంటర్లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న వాడిని. "లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. దీర్ఘం ఉంటే గురువు. హ్రస్వమైనా వెనక ద్విత్వం ఉంటే అదీ గురువే" అని బెడ్ మీద పడుకునే చెప్పాడు. అంటే సీటులో 'సీ' గురువు, బస్సులో 'బ' కూడా గురువు. రెండూ గురువు, లఘువు. అచ్చులో తగ్గిన బరువుని హల్లు మోస్తోంది. రోడ్డు కూడా ఆ లెక్కలోకే వస్తుంది, అక్కడ బరువు రెండుసార్లు పెట్టారు అంతే. ఇంగ్లీష్ నుంచి వచ్చిన ప్రతి చిన్న మాటనీ మనవాళ్ళు పద్యంలో కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టారు.

ఆ తర్వాత నేను కొంచెం పిచ్చిగా చదివాను. అందులో పనికొచ్చేవి మాత్రం చెప్తాను.

స్కూల్లో మనకి "లాంగ్ వవెల్ అంటే అక్షరం తన పేరు తనే చెప్పుకోవడం" అని నేర్పారు. క్యాప్ చివర ఇ పెడితే కేప్, కిట్ చివర పెడితే కైట్, హాప్ చివర పెడితే హోప్. మ్యాజిక్ ఇ అని పాట కూడా పాడించారు. అప్పుడే అడగాల్సింది: కిట్‌ని ఎంత సాగదీసినా కీట్ అవుతుంది గానీ కైట్ ఎలా అవుతుంది? మన ఇ, ఈ అలా కాదు. ఒకే శబ్దం, ఒకటి తక్కువసేపు, ఒకటి ఎక్కువసేపు.

జవాబు ఏంటంటే, ఒకప్పుడు ఇంగ్లీష్ కూడా అలాగే ఉండేది. 14వ శతాబ్దంలో, చాసర్ రాస్తున్న రోజుల్లో, నేమ్ అనే మాటని దాదాపు 'నామ' అనే పలికేవాళ్ళు. 'నా' నిజంగా దీర్ఘం, చివరి ఇ కూడా నోటితో పలికేదే. రెండేళ్ళు సంస్కృతం చదివి మార్కులు తెచ్చుకున్న నాకు, మన 'నామ'మూ వాళ్ళ నేమూ ఒకే పాత వేరు నుంచి వచ్చిన అక్కాచెల్లెళ్ళని అప్పటిదాకా తెలీదు. టైమ్‌ని 'టీమ' లాగా, షీప్‌ని 'షేప్' లాగా, ఫుడ్‌ని 'ఫోడ్' లాగా అనేవాళ్ళు. సుమారు 1400 నుంచి 1700 లోపు దీర్ఘాలన్నీ మెట్టు మెట్టుగా జరిగిపోయాయి. 'ఏ' ఎక్కి 'ఈ' అయింది, 'ఈ' కాస్తా 'ఐ' అయింది, 'ఓ' ఎక్కి 'ఊ' అయింది. ఒట్టో యెస్పర్సన్ అనే డెన్మార్క్ భాషావేత్త దీనికి గ్రేట్ వవెల్ షిఫ్ట్ అని పేరు పెట్టాడు. ఈలోపు 1476లో కాక్స్టన్ ఇంగ్లండ్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. శబ్దాలు నడుస్తూనే ఉన్నాయి, స్పెల్లింగులు మెల్లగా గడ్డకట్టేశాయి. షీప్‌లో రెండు ఇ-లు ఎందుకున్నాయంటే అది ఒకప్పుడు నిజంగా 'ఏ' కాబట్టి. ఫుడ్‌లో రెండు ఓ-లు ఉన్నది అది ఒకప్పుడు నిజంగా 'ఓ' కాబట్టి. కోడ్ మారింది, కామెంట్లు ఎవరూ అప్‌డేట్ చెయ్యలేదు. మన ప్రాజెక్టుల్లో లాగే.

అందుకే ఇప్పటి ఇంగ్లీష్‌లో షిప్, షీప్ తేడా ఒక్క పొడుగులోనే లేదు. షిప్‌లో నాలుక కొంచెం కిందికి, వదులుగా ఉంటుంది. మన ఇకారానికీ ఎకారానికీ మధ్య ఎక్కడో. అదీగాక పొడుగు కూడా స్థిరంగా ఉండదు. సీట్, సీడ్ అనే మాటలు రెండిట్లోనూ అదే 'ఈ'. కానీ సీట్‌లో అది కుదించుకుపోతుంది, సీడ్‌లో సాగుతుంది. మన వ్యాకరణం భాషలో చెప్పాలంటే, వెనక క, ట, ప లాంటి పరుషం వస్తే అచ్చు కురచవుతుంది, గ, డ, బ లాంటి సరళం వస్తే సాగుతుంది. లాబ్‌లో నేను 'షీప్' కోసం చాలా పొడుగైన ఈకారం వస్తుందని కాచుకుని కూర్చున్నాను. వెనక ప ఉంది, అది రాదు. కాబట్టి స్టాప్‌వాచ్‌తో వింటే తప్పుతాం, రంగు చూడాలి. మా వాడు చెప్పింది కూడా అదే: "షిప్పు అన్నప్పుడు కొంచెం షెప్పు లాగా వినపడిందిరా."

మీకు ప్లేస్‌మెంట్ ట్రైనింగ్‌లో పనికొస్తుంది కాబట్టి రాస్తున్నా. నేను చేసిన సాధన ఇదే. ఫోన్‌లో డిక్షనరీ యాప్ తెరిచి ఒక జంట వినడం, నా గొంతు రికార్డు చెయ్యడం, ఒక రోజు ఆగి ఏ మాట అన్నానో నేనే గుర్తుపట్టగలనా అని చూడటం. మొదట్లో నా లివ్‌కీ లీవ్‌కీ తేడా నాకే తెలిసేది కాదు. "ఐ లివ్ హియర్" అన్నానో, "ఐ లీవ్ హియర్" అన్నానో. ఒకటి ఇక్కడ ఉంటానని, ఇంకొకటి ఇక్కడ్నుంచి పోతానని. ఇంటర్వ్యూలో ఏది చెప్పాలో మీకు తెలుసు. ఇంకో జంట కూడా ఉంది గానీ మ్యాగజైన్‌లో రాయకూడదు. పరీక్ష హాల్లో అడిషనల్ షీట్ అడిగేటప్పుడు మాత్రం దీర్ఘం మీద దయ ఉంచండి.

చదువుతుంటే ఇంకొకాయన కూడా తగిలాడు. 12వ శతాబ్దం ఇంగ్లండ్‌లో ఆర్మ్ అనే క్రైస్తవ సన్యాసి. బైబిల్ విషయాలని పద్యాలుగా రాశాడు. చర్చిలో చదివి వినిపించేవాళ్ళు తప్పు పలుకుతారేమోనని ఆయనకి బెంగ. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాడు: పొట్టి అచ్చు తర్వాత వచ్చే హల్లుని రెండుసార్లు రాయడం. తన పేరులో ఆర్ కూడా రెండుసార్లే రాసుకున్నాడు. తన పేరు మీదే పుస్తకానికి ఆర్ములమ్ అని పేరు పెట్టుకున్నాడు. దాదాపు 19,000 పంక్తులు మిగిలాయి, ఆ రాతప్రతి ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో ఉంది. ఇప్పటి ఇంగ్లీష్‌లో డిన్నర్‌కి రెండు ఎన్‌లు, డైనర్‌కి ఒక ఎన్ ఉండటం కూడా ఆ దారిలోదే. ఆ రెండో ఎన్ పలకడానికి కాదు, ముందున్న అచ్చు పొట్టిదని చెప్పడానికి.

అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. "బస్సు" అన్నందుకు నేను ఎగతాళి చేసిన మనిషి, ఇంగ్లీష్ పలుకుబడిని కాపాడాలని ఒక ఇంగ్లీషువాడు సిరాతో చేసిన పనినే నోటితో చేశాడు. వాడి ఇంగ్లీష్ తప్పు కాదని నేను అనడం లేదు. ఇంటర్వ్యూలో బస్ అనే అనాలి, వాడికీ తెలుసు, ఇప్పుడు అంటున్నాడు కూడా. కానీ నేను నవ్వింది తప్పుని చూసి కాదు. అది ఎవరి నోట్లోంచి వచ్చిందో చూసి.

సంక్రాంతికి వాడు వాళ్ళ ఊరు రమ్మన్నాడు. వెళ్ళాను. గుమ్మంలోనే వాళ్ళమ్మగారు, "బస్సు లేటు అయిందా బాబూ?" అన్నారు. ఒకే వాక్యంలో రెండూ, ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. మా వాడు నా వైపు చూసి కన్ను కొట్టాడు.

సాయంత్రం షెడ్డుకి వెళ్ళాం. బస్టాండుకి ఆనుకుని నాలుగు రేకులు, ఒక గాలి పంపు, నీళ్ళ తొట్టి. వాళ్ళ నాన్నగారు ఒక పాత సైకిల్ విప్పుతూ కొడుక్కి పురమాయిస్తున్నారు: "ఆ బెల్లు ఊడదియ్యి. రిమ్ము సొట్టబోయింది చూడు. నట్టు బిగించు. చైను ఒదులుంది. బ్రేకు చూడు. సీటు కొంచెం దించు. ట్యూబు నీళ్ళలో పెట్టు." బెల్లు, రిమ్ము, నట్టు. చైను, బ్రేకు, సీటు, ట్యూబు. ఒక్కటీ తప్పు పోలేదు. లాబ్‌లో ఆయన్ని కూర్చోబెడితే 20కి 20 వచ్చేవేమో. నేను స్టూలు మీద కూర్చుని వింటున్నాను. ఆయన తలెత్తి, "ఏం బాబూ, అలా చూస్తున్నావ్, మీ కాలేజీలో ఇవన్నీ ఉండవా?" అన్నారు. ఉండవని చెప్పాను.

తిరుగు బస్సులో చెప్పాను వాడికి. "మొదటి వారంలో నేను అలా అనకుండా ఉండాల్సిందిరా. సారీ." వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "షెడ్డు అంటే నాకేం సిగ్గు లేదు మామా. మా ఫీజు అక్కణ్ణుంచే వస్తుంది. నువ్వు సాగదీశావు చూడు, అదీ. లేని దీర్ఘం పెట్టావ్" అన్నాడు.

దానికి నా దగ్గర జవాబు లేకపోయింది, ఇప్పటికీ లేదు. ఆ పేరు నేను మానేశాను. క్లాసు మానలేదు. ఒకసారి పెట్టిన పేరు అంత తొందరగా పోదని అప్పుడు తెలిసింది. ఇది చదువుతున్న మా సెక్షన్ వాళ్ళు ఎవరైనా ఉంటే, వాడికి అసలు పేరు ఒకటుంది, అటెండెన్స్‌లో రోజూ వింటూనే ఉన్నారు.

ఈ వ్యాసం పంపే ముందు వాడి చేత చదివించాను. మొత్తం 14 దీర్ఘాలు దిద్దాడు. 'నేల' మాత్రం ఈసారి నేనే సరిగ్గా కొట్టాను.